"మీ దేశం గురించి చెప్పు" అంటే ఎవరైనా ఏం రాస్తారు?

ప్రశ్న: నాకు ఇరవై మూడేళ్ళు. ఏడాది కిందట కలం స్నేహం మొదలుపెట్టాను. జపాన్‌లో ఒక అమ్మాయి, నెదర్లాండ్స్‌లో ఒక అబ్బాయి, ఇంకో దేశంలో ఒక అమ్మాయి, ముగ్గురికీ కాగితం మీదే ఉత్తరాలు రాస్తున్నాను. (మూడో దేశం పేరు రాయడం లేదు. ఎందుకో చదివితే మీకే అర్థమవుతుంది.) రకరకాల సంస్కృతులు తెలుసుకోవాలని నా కోరిక. మీ పండుగలేమిటి, పెళ్ళిళ్ళు ఎలా జరుగుతాయి, మీ సంప్రదాయాలేమిటి అని అడుగుతాను. వాళ్ళూ ఓపిగ్గా రాస్తారు. కానీ చదువుతుంటే స్కూల్ ప్రాజెక్టు చదివినట్టే ఉంటుంది. జపాన్ అమ్మాయి ప్రతి ఉత్తరంలోనూ అరపేజీ వాతావరణం గురించే రాస్తుంది. నాతో మనసు విప్పి మాట్లాడటం ఇష్టం లేదేమో అనిపిస్తోంది. నెదర్లాండ్స్ అబ్బాయి కిందటి ఉత్తరంలో "నీ ప్రశ్నలు మరీ జనరల్‌గా ఉన్నాయి, వాటికి జవాబు రాయడం బోరుగా ఉంది" అని మొహం మీదే అన్నట్టు రాసేశాడు. చాలా బాధపడ్డాను. మూడో అమ్మాయిని "మీ దేశంలో ఆడవాళ్ళకి స్వేచ్ఛ లేదట కదా, నువ్వెలా భరిస్తున్నావు?" అని అడిగాను. అంతే, అయిదు నెలలుగా ఉత్తరం లేదు. నేను అడగడం తప్పా? పైగా వాళ్ళు మన దేశం గురించి అడిగినప్పుడల్లా టెన్షనే. ఒక్క మాట తేడాగా రాస్తే అందరి పరువూ తీసినట్టవుతుందేమోనని. "వీడియో కాల్ ఉండగా ఈ ఉత్తరాలేంటి" అని ఫ్రెండ్స్ అంటున్నారు. కొనసాగించమంటారా, మానేయమంటారా?

జవాబు: మానేయకండి. మీరు వెతుకుతున్నది చాలావరకు మీకు వస్తున్న ఉత్తరాల్లోనే ఉంది. దాన్ని పక్కన పెట్టి ఇంకెక్కడో చూస్తున్నారు. మీకు విసుగు పుట్టిస్తున్న ఆ వాతావరణంతోనే మొదలుపెడతాను.

జపాన్‌లో పద్ధతిగా రాసే ఉత్తరంలో ముందు రుతువును పలకరిస్తారు. తర్వాత ఎదుటివాళ్ళ ఆరోగ్యం అడుగుతారు. అసలు విషయం ఆ తర్వాతే. ఏ నెలలో ఎలా మొదలుపెట్టాలో చెప్పే పుస్తకాలు కూడా ఉంటాయి. జూన్ ఉత్తరంలో వానలు, వానలో విచ్చుకున్న హైడ్రేంజియా పూలు వస్తాయి. ఆగస్టు నడుమకి వచ్చేసరికి "పంచాంగం ప్రకారం శరదృతువు వచ్చేసినా ఎండ ఇంకా పోలేదు" అన్న మాట వస్తుంది. వాళ్ళ పాత పంచాంగం ఏడాదిని 24 భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని మళ్ళీ మూడుగా విడగొట్టి, మొత్తం 72 చిన్నచిన్న రుతువులుగా లెక్కపెట్టింది. ఒక్కోటి దాదాపు అయిదు రోజులు. ఫిబ్రవరి మొదట్లో వచ్చే అయిదు రోజులకి "తూర్పుగాలి మంచును కరిగించడం" అని పేరు. మే మొదట్లో వచ్చేదానికి "కప్పలు పాడటం మొదలుపెట్టడం" అని. ఇప్పటికీ వసంతం రాగానే చెర్రీపూలు ఏ ఊళ్ళో ఎప్పుడు విచ్చుకుంటాయో అక్కడి టీవీల్లో వాతావరణ వార్తల్లాగే చెబుతారు. చాలా స్కూళ్ళలో జూన్ 1న వేసవి యూనిఫాంలోకి, అక్టోబర్ 1న చలికాలం యూనిఫాంలోకి మారతారు.

అంటే ఆ అమ్మాయి మిమ్మల్ని దూరం పెట్టడం లేదు. మిమ్మల్ని గౌరవంగా లోపలికి పిలుస్తోంది. పండుగల జాబితా పంపమని మీరు అడుగుతున్న సంస్కృతి ఆ అరపేజీలో కూర్చుని ఉంది. ఈసారి మీరూ అలాగే మొదలుపెట్టండి. రాస్తున్న రోజు మీ కిటికీలోంచి ఏం కనిపిస్తోందో, గాలి ఎలా ఉందో, ఏ చప్పుడు వినిపిస్తోందో నాలుగు వాక్యాలు రాయండి. ఆ తర్వాత అడగండి: రుతువు మారినప్పుడు మీ ఇంట్లో అల్మారాలోంచి ఏం బయటికి వస్తుంది, ఏం లోపలికి వెళ్తుంది? పండుగల గురించి అడిగినప్పటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ తెలుస్తుంది మీకు.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. జపాన్‌లో ఈ కాలపు పిల్లలు ఫోన్‌లో మెసేజ్ పెట్టుకునేటప్పుడు హైడ్రేంజియా పూలతో మొదలుపెట్టరు. కాబట్టి మీ స్నేహితురాలు అలా రాస్తోందంటే అందులో కొంత జపాన్, కొంత ఆమె. చిన్నప్పుడు ఎవరైనా దగ్గర కూర్చోబెట్టుకుని ఉత్తరం రాయడం నేర్పించారేమో. లేదా ఆమెకే ఉత్తరాలంటే ఇష్టమేమో. "నీకు ఉత్తరం రాయడం ఎవరు నేర్పారు?" అని అడిగి చూడండి. దానికి వచ్చే జవాబు నాకు ఊహించుకోవడానికే ముచ్చటగా ఉంది.

ఇక నెదర్లాండ్స్ అబ్బాయి. ఉన్నమాట ఉన్నట్టు చెప్పేయడం అక్కడ మొరటుతనం అనుకోరు. నచ్చనిది లోపల పెట్టుకుని పైకి బాగుందనడమే వాళ్ళలో చాలామందికి నిజాయితీ లేనట్టు కనిపిస్తుంది. బోరు కొడుతోందని రాసిన మనిషి ఉత్తరం మానేయలేదు చూశారా? రాయడం ఇష్టం లేకపోతే మీకు ఆ వాక్యం కూడా వచ్చేది కాదు. పైగా తను రాసేది సొంత భాషలో కాదు, మీరు చదివేదీ మీ భాషలో కాదు. మధ్యలో ఉన్న ఇంగ్లీషు ఇద్దరికీ నేర్చుకున్నదే. అలా నేర్చుకున్న భాషలో ముందుగా జారిపోయేది మెత్తదనం. చెప్పాల్సిన విషయం చేరుతుంది, చెప్పిన తీరు చేరదు. ఉత్తరంలో ఏ వాక్యమైనా గుచ్చుకుంటే వెంటనే జవాబు రాయకుండా రెండు రోజులు ఆగి మళ్ళీ చదవండి.

కానీ మొహమాటం లేకుండా చెప్పాలంటే, ఆ అబ్బాయి చెప్పింది నిజమే. "మీ సంప్రదాయాలేమిటి" అని అడిగితే ఎవరైనా ఏం రాస్తారు? గాలిమరలు, ట్యులిప్ పూలు, సైకిళ్ళు అని రాస్తారు. అది మీకు ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. అదే "కిందటిసారి నీ పుట్టినరోజు ఎలా గడిచింది, పొద్దున్నించి రాత్రిదాకా చెప్పు" అని అడగండి. వచ్చినవాళ్ళంతా గదిలో గుండ్రంగా కుర్చీలు వేసుకుని కూర్చున్నారని రాయొచ్చు. పుట్టినరోజు అతనిదైనా వాళ్ళమ్మకీ, చెల్లికీ కూడా అందరూ శుభాకాంక్షలు చెప్పారని రాయొచ్చు. అక్కడ చాలా ఇళ్ళలో బంధుమిత్రుల పుట్టినరోజులు రాసుకున్న క్యాలెండర్ టాయిలెట్ గోడకి వేలాడుతుంది, రోజూ తప్పకుండా కళ్ళబడుతుందని. ఇవేవీ అతనికి "సంస్కృతి" అనిపించవు, కాబట్టి ఆ పేరుతో అడిగితే రాయడు. ఎవరికైనా తమ ఇంట్లో రోజూ జరిగేది చెప్పుకోదగ్గ విషయంగా కనిపించదు. దాన్ని బయటికి తీయించడమే కలం స్నేహితుల పని.

నాకు ఇథియోపియా నుంచి ఒక టీచర్ చాలాకాలం ఉత్తరాలు రాశారు. రాతిని తొలిచి కట్టిన లాలిబెలా చర్చిల గురించి ఆయన రాసిన రెండు పేజీలు బాగానే ఉన్నాయి, కానీ నాకు గుర్తుండిపోయింది అది కాదు. ఒక ఉత్తరంలో మామూలుగా "పొద్దున రెండింటికి నా మొదటి క్లాసు" అని రాశారు. అంత పొద్దున్నే పిల్లలు ఎలా వస్తారని అడిగాను. తర్వాతి ఉత్తరంలో ఆయన రెండు గడియారాలు పక్కపక్కన గీసి పంపారు. అక్కడ పగలు లెక్క సూర్యోదయంతో మొదలవుతుంది. మనం ఏడు అనేది వాళ్ళకి ఒంటిగంట, మనం ఎనిమిది అనేది రెండు. ఇథియోపియా భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఏడాది పొడుగునా సూర్యుడు దాదాపు ఒకే వేళకి వస్తాడు, ఆ లెక్కతో చిక్కేమీ లేదు. గడియారాల కింద ఆయన ఇంకో విషయం చేర్చారు: వాళ్ళ ఏడాదికి పదమూడు నెలలు, పన్నెండింటికి ముప్ఫయ్యేసి రోజులు, చివరి నెలకి అయిదో ఆరో. కొత్త సంవత్సరం సెప్టెంబర్ 11న వస్తుంది (కొన్నేళ్ళు 12న), సంవత్సరం సంఖ్య మన క్యాలెండర్ కంటే ఏడెనిమిదేళ్ళు వెనక ఉంటుంది. గంట ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలనేది కూడా మనుషులు పెట్టుకున్న ఏర్పాటే అని నాకు అంతవరకు తట్టనే లేదు. ఇదంతా "మీ టైమెలా లెక్కపెడతారు" అని అడిగితే వచ్చింది కాదు. ఆయన రోజు గురించి అడిగితే వచ్చింది.

కాబట్టి ప్రశ్న వేసే తీరు మార్చండి. నేను పాటించే పద్ధతి ఒకటే: ఏ ప్రశ్న అడిగినా ముందు దానికి నా జవాబు రాస్తాను. "నేను ఉద్యోగంలో చేరాక మొదటి జీతం ఎవరి చేతిలో పెట్టానంటే..." అని మీ సంగతి రాసి, అప్పుడు "నువ్వేం చేశావు?" అనండి. దీనివల్ల రెండు లాభాలు. ఎదుటివాళ్ళకి ఇంటర్వ్యూలో కూర్చున్నట్టు ఉండదు, ఎంత లోతుగా రాయొచ్చో మీ జవాబు చూసి తెలుసుకుంటారు. రెండోది, మీరే జవాబు రాయలేని ప్రశ్న అయితే అది అడగకూడని ప్రశ్న అని మీకే తెలిసిపోతుంది. ఇంట్లో ఎవరు ముందు నిద్రలేస్తారు, ఎవరితో గొడవపడితే ఎవరు ముందు మాట్లాడతారు, చుట్టాలు చెప్పకుండా వస్తారా చెప్పి వస్తారా, పక్కింటివాళ్ళ పేర్లు తెలుసా, ఇంట్లో పెద్దవాళ్ళని ఏమని పిలుస్తారు, చిన్నప్పుడు దేనికి దెబ్బలు తిన్నావు. ఇలాంటివి అడగండి, ఒక ఉత్తరానికి రెండు చాలు. పది ప్రశ్నలు పంపితే పదికీ ఒక్కో వాక్యం వస్తుంది.

మీ టెన్షన్ సంగతి. మన దేశం గురించి వాళ్ళు అడిగినప్పుడు మిమ్మల్ని రాయబారిగా ఎవరూ నియమించలేదు. "మా దేశంలో అందరూ" అని మొదలయ్యే వాక్యం రాసి ఉంటే కొట్టేసి "మా ఇంట్లో" అని మళ్ళీ రాయండి. వెంటనే వాక్యం నిజమవుతుంది, తేలికవుతుంది. మీ ఇంట్లో జరిగేది మీ పక్కింట్లో జరగకపోతే అది కూడా రాయండి, అసలు విశేషం అదే. మంచి మాత్రమే రాయాలన్న ఒత్తిడి పెట్టుకోవద్దు. అదే సమయంలో సొంత దేశాన్ని తిట్టి ఎదుటివాళ్ళ మెప్పు పొందాలని చూడొద్దు. రెండింటిలోనూ మీరు కనబడరు. ఇలా రాస్తూ ఉంటే ఒక వింత జరుగుతుంది. "అలా ఎందుకు చేస్తారు?" అని అవతలివాళ్ళు అమాయకంగా అడిగిన చోట మీ దగ్గర జవాబు ఉండదు. ఇంట్లో పెద్దవాళ్ళని అడగాల్సి వస్తుంది, వాళ్ళకీ తెలియకపోవచ్చు. మనది అనుకున్నదాన్ని అంత శ్రద్ధగా చూసే అవకాశం నాకు ఉత్తరాలవల్లే వచ్చింది.

అలాగే వాళ్ళ విషయంలో కూడా. ఆ ఒక్క అబ్బాయిని చూసి నెదర్లాండ్స్ అంతా ఇంతే అనుకోకండి. పైన నేను చెప్పిన ముక్కుసూటితనం కూడా ఒక మోటు లెక్క మాత్రమే, ఆ దేశంలో మొహమాటస్తులు లేరనుకుంటున్నారా? వీలైతే ఒకే దేశం నుంచి వయసులో బాగా తేడా ఉన్న ఇద్దరికి రాయండి. ఇరవయ్యేళ్ళ వాళ్ళూ డెబ్భయ్యేళ్ళ వాళ్ళూ చెప్పే దేశం ఒకటిగా ఉండదు.

వీడియో కాల్ గురించి మీ ఫ్రెండ్స్ అన్నదానికి నాకు కోపం లేదు, కాల్ చేసుకోండి, బాగుంటుంది. కానీ కాల్‌లో అప్పటికి నోటికొచ్చింది మాట్లాడతాం. ఉత్తరం చేరడానికి రెండు మూడు వారాలు, ఒక్కోసారి రెండు నెలలు పడుతుంది. అది చేరేసరికి పాతబడిపోయేవి రాయకూడదని మనకి తెలుసు, అందుకే నిలిచేవి ఏరి రాస్తాం. అది వేరే రకం మాట. పోస్టు మీద నమ్మకం లేకపోతే 'స్లోలీ' లాంటి యాప్ ఉంది. అందులో ఉత్తరం వెంటనే చేరదు, ఇద్దరి మధ్య దూరాన్ని బట్టి గంటల లెక్కన ఆలస్యంగా చేరేటట్టు చేశారు. నా ఓటు మాత్రం కాగితానికే. మీ దేశంలో కొన్న స్టాంపు చూసి ప్రపంచం అవతలి మూల ఒక పోస్ట్‌మాన్ మీ కవరు పట్టుకుని ఒకరి గుమ్మం దాకా నడుస్తున్నాడంటే, దానికి 1874లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో దేశాలు కూర్చుని చేసుకున్న ఒప్పందం కారణం. అంతకుముందు ఏ రెండు దేశాలకి ఆ రెండు దేశాలు విడిగా లెక్కలు తేల్చుకోవాల్సి వచ్చేది. ఆ ఒప్పందంతో పుట్టిన విశ్వ తపాలా సమాఖ్యలో ఇప్పుడు 192 దేశాలున్నాయి. ఇంత పెద్ద ఏర్పాటు మీ ఒక్క కవరు కోసం కదులుతుందంటే వాడుకోకుండా ఎలా ఉంటాం?

ఇంకా ఎక్కువ దేశాలు చూడాలనుంటే పోస్ట్‌క్రాసింగ్‌లో చేరండి. 2005లో పావులో మగల్యాయిస్ అనే పోర్చుగల్ విద్యార్థి మొదలుపెట్టాడు. మీరు ఎవరో తెలియని ఒకరికి పోస్ట్‌కార్డు పంపుతారు, అది చేరాక ఇంకెవరో తెలియనివాళ్ళ నుంచి మీకు కార్డు వస్తుంది. అక్కడ స్నేహం కుదరాలన్న రూలేమీ లేదు, ఒక్క కార్డుతో అయిపోతుంది. ముగ్గురితో లోతుగా, మిగతా ప్రపంచంతో కార్డు ముక్కలుగా అనుకోండి.

కొన్ని చిన్న జాగ్రత్తలు. తేదీలో నెలను అంకెలో కాకుండా పేరుతో రాయండి, 4/7 అంటే అమెరికాలో ఏప్రిల్ ఏడు. డిసెంబర్ అనగానే చలి అని ఊహించుకోకండి, అర్జెంటీనాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నవాళ్ళకి అది నడి వేసవి. జర్మనీలో పుట్టినరోజుకి ముందే శుభాకాంక్షలు చెప్పడం అశుభం అనుకుంటారు, కార్డు ముందే చేరేలా ఉంటే కవరు మీద "ఆ రోజే తెరువు" అని రాయండి. కొరియా స్నేహితుల పేరు ఎర్ర సిరాతో రాయకండి, అది చనిపోయినవాళ్ళతో ముడిపడిన రంగు. కవర్లో కాగితాలు మాత్రమే పెట్టండి: వాడేసిన బస్సు టికెట్టు, క్యాలెండర్ చింపిన పేజీ, చేత్తో రాసుకున్న సరుకుల చీటీ. వీటిని మించిన కానుక లేదు. విత్తనాలు, ఎండిన ఆకులు, పూలు వద్దు, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లాంటి దేశాల్లో కస్టమ్స్ వాళ్ళు తీసి పారేస్తారు. వస్తువు ఏది పంపినా పోస్టాఫీసులో కస్టమ్స్ ఫారం నింపాల్సిందే.

ఒక విషయంలో మాత్రం మొహమాటం అసలు వద్దు. స్నేహం బాగా కుదిరాక "నీకోసం ఖరీదైన గిఫ్ట్ పంపాను, కస్టమ్స్‌లో ఆగిపోయింది, ఫీజు కట్టి విడిపించుకో" అని ఎవరైనా రాస్తే అది మోసం. అక్కడితో తెంచేయండి. డబ్బు అడిగినా, బ్యాంకు వివరాలు అడిగినా, ఇబ్బందికరమైన ఫొటోలు అడిగినా అంతే. కొత్తవాళ్ళకి ఇంటి అడ్రస్ బదులు పోస్ట్ బాక్స్ నంబర్ ఇవ్వగలిగితే మంచిది.

చివరికి, మూడో అమ్మాయి. మీ మనసులో అసలు బాధ ఇదేనని ఉత్తరం చదువుతుంటే తెలుస్తోంది. తెలుసుకోవాలనుకోవడం తప్పు కాదు. కానీ మీరు అడిగినది ప్రశ్న రూపంలో ఉన్న తీర్పు. "లేదట కదా" అనడంలోనే జవాబు మీరే రాసేశారు, ఇక ఆమెకి మిగిలింది ఒప్పుకోవడమో, తన ఇంటినీ తనవాళ్ళనీ వెనకేసుకు రావడమో. బహుశా ఆమెకి రెండూ ఇష్టం ఉండకపోవచ్చు. తన దేశం మీద ఆమెకి మీకంటే ఎక్కువ కోపమే ఉండొచ్చు, అయినా ఆ కోపాన్ని ఇంకా పరిచయం పెరగని మనిషి ముందు పెట్టాలనిపించకపోవచ్చు. ఇంకో సంగతి కూడా ఆలోచించండి. కొన్ని దేశాల్లో విదేశాల నుంచి వచ్చే ఉత్తరాలు తెరిచి చూస్తారు. మీకు మామూలుగా అనిపించిన వాక్యం అక్కడ ఆమెకి చిక్కు తెచ్చిపెట్టొచ్చు. దేశం పేరు రాయకుండా మీరు చూపించిన జాగ్రత్త ఉత్తరంలో కూడా చూపించండి.

ఇవేవీ కాకుండా పరీక్షలు, జబ్బు, ఇల్లు మారడం, కవరు దారిలో పోవడం, ఏదైనా కారణం కావచ్చు. 2020లో విమానాలు ఆగిపోయినప్పుడు ఎన్నో దేశాల మధ్య ఉత్తరాలు నెలల తరబడి కదలలేదు. మౌనం అనగానే కోపం అనుకోకండి.

ఇప్పుడు ఆమెకి ఒక చిన్న ఉత్తరం రాయండి, ఒక పేజీ దాటొద్దు. పాత ప్రశ్నను మళ్ళీ ఎత్తకుండా "కిందటి ఉత్తరంలో తొందరపడి ఏదో అడిగాను, దానికి జవాబు అక్కర్లేదు" అని ఒక్క వాక్యం చాలు, సంజాయిషీలు వద్దు. తర్వాత ఆమె ఇదివరకు మీకు చెప్పిన చిన్న విషయం ఏదైనా ఎత్తండి. పెంపుడు పిల్లి గురించో, తమ్ముడి చదువు గురించో ఏదో రాసే ఉంటుంది, పాత ఉత్తరాలు తీసి వెతకండి. మీ సంగతులు నాలుగు రాయండి. "ఎందుకు రాయలేదు" అని మాత్రం అడగొద్దు. జవాబు వస్తే ఆ పాత విషయం ఆమె తనంతట తాను కదిపేదాకా మీరు కదపకండి. కదిపితే ఎక్కువ వినండి, తక్కువ రాయండి. మూడు నాలుగు నెలల్లో ఏమీ రాకపోతే ఆమె పుట్టినరోజుకి ఒక కార్డు పంపి ఊరుకోండి. ఆ కార్డు మీద మీ అడ్రస్ పూర్తిగా, స్పష్టంగా రాయండి. ఇల్లు మారినవాళ్ళు పాత ఉత్తరాలతో పాటు అడ్రస్ కూడా పోగొట్టుకుంటారు.